మారని పడవ, మారే గాలి

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో బ్రెజిల్ కుర్రాడు రాబర్ట్ షైట్ ఇరవై మూడేళ్ళ వయసులో ఒంటరిగా నడిపే తెరచాప పడవల పందెంలో స్వర్ణం గెలిచాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, మళ్ళీ అదే పందెంలో దిగి ఎనిమిదో స్థానంలో నిలిచాడు. మధ్యలో పాతికేళ్ళు గడిచాయి. ఈ కాలంలో పరుగు బూట్లు మారాయి, ఈత దుస్తులు మారాయి, సైకిళ్ళు, టెన్నిస్ రాకెట్లు గుర్తు పట్టలేనంతగా మారిపోయాయి. షైట్ ఎక్కిన పడవ మాత్రం పొడవులోనూ వెడల్పులోనూ అడుగు ఒంపులోనూ 1996 నాటిదే. ఆ మాటకొస్తే 1971లో అంగడికి వచ్చిన నాటిదే. దాని పేరు లేజర్. 2019 నుంచి పోటీల్లో దాన్ని ఇల్కా అంటున్నారు. పొడవు 4.23 మీటర్లు, వెడల్పు 1.37 మీటర్లు, ఖాళీ పడవ బరువు సుమారు 59 కిలోలు. ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే ఒడ్డు మీంచి నీళ్ళలోకి మోసుకుపోవచ్చు. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి 2 లక్షలకు పైగా తయారయ్యాయి. పందెపు పడవ అనగానే ఏటేటా కొత్త హంగులు దిద్దుకుంటూ వేగం పెంచుకుంటూ పోవాలనుకుంటాం. లేజర్ చరిత్ర ఇందుకు సరిగ్గా ఎదురు నడిచింది. దీన్ని మార్చకూడదని తీసుకున్న నిర్ణయమే దీని రూపకల్పనలో అన్నిటికంటే తెలివైన నిర్ణయమని, పడవ పందేల్లో చిన్న దేశాలకూ పెద్ద కోశాగారం లేని క్రీడాకారులకూ చోటు దొరికిందంటే అందులో ఎక్కువ పాలు ఈ నిర్ణయానిదేనని నా వాదన.

పుట్టుకలో ఈ పడవకు ఒలింపిక్ ఆశలేమీ లేవు. 1969లో మాంట్రియల్‌కు చెందిన పారిశ్రామిక డిజైనర్ ఇయాన్ బ్రూస్, కెనడాలోని హడ్సన్స్ బే కంపెనీ దుకాణాల కోసం విహారయాత్రల సామగ్రి వరస ఒకటి రూపొందించే పనిలో ఉన్నాడు. కారు పైకప్పు మీద కట్టుకుని తీసుకుపోగల చిన్న తెరచాప పడవ ఒకటి కావాలని మిత్రుడు బ్రూస్ కర్బీకి ఫోన్ చేశాడు. కర్బీ పత్రికా రచయిత, సెయిలింగ్ పత్రిక సంపాదకుడు, కెనడా తరఫున మూడు ఒలింపిక్స్‌లో పడవ నడిపినవాడు. ఫోన్‌లో మాట్లాడుతూనే కాగితం మీద గీసిన గీతలే తర్వాత లేజర్ అయ్యాయి. దుకాణాల పథకం ముందుకు సాగలేదు కానీ గీసిన బొమ్మ చెక్కుచెదరలేదు. 1970 అక్టోబరులో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వెయ్యి డాలర్ల లోపు పడవల కోసం ఒక పోటీ పెట్టినప్పుడు నమూనా పడవ నీళ్ళలో దిగింది. దాని తెరచాప కుట్టినవాడు హన్స్ ఫోగ్, డెన్మార్క్ తరఫున ఒలింపిక్ రజతం గెలిచి కెనడాలో స్థిరపడిన చాపల నిపుణుడు. 1971 జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శనకు వచ్చింది. ఒకరు రేఖ గీశారు, ఒకరు తయారీ ఆలోచించారు, ఒకరు చాప కుట్టారు. ముగ్గురూ పందేల్లో నలిగినవాళ్ళే. పడవలో ఏది ఉండాలో తెలిసినవాళ్ళు చాలామంది దొరుకుతారు. ఏది లేకపోయినా ఫరవాలేదో తెలియాలంటే ఎదురుగాలిలో తడిసిన అనుభవం కావాలి, ఆ అనుభవం ఈ ముగ్గురికీ ఉంది.

ఇందులో లేనివేమిటో చూస్తే రూపకల్పన వెనక ఆలోచన తెలుస్తుంది. చాప కొయ్యను నిలబెట్టడానికి చుట్టూ లాగి కట్టే తీగలు ఉండవు. ముందు చాప లేదు, వాలుగాలిలో బుడగలా ఉబ్బే మూడో చాపా లేదు. చాపను పైకెత్తే తాడు కూడా లేదు. రెండు గొట్టాలను ఒకదానిలో ఒకటి దూర్చితే కొయ్య తయారు. చాప అంచున కుట్టిన పొడవాటి సంచిలోకి ఆ కొయ్యను తొడిగి, పడవ ముందు భాగంలో ఉన్న రంధ్రంలో నిలబెడతారు. అడ్డంగా ఉండే బూమ్ తగిలించి, చుక్కాని బిగించి, మధ్యనున్న సందులోంచి డాగర్‌బోర్డ్ అనే పలకను నీళ్ళలోకి దించితే పడవ సిద్ధం. ఈ పలక లేకపోతే పడవ గాలికి పక్కకు కొట్టుకుపోతుంది. చాప పక్కకు తోస్తుంటే పలక నీటిని ఆనుకుని ఆ తోపును అడ్డుకుంటుంది. ఆ రెంటి పెనుగులాటలో మిగిలిన బలం పడవను ముందుకు పంపుతుంది. అందువల్లే గాలికి సూటిగా ఎదురు వెళ్ళలేకపోయినా, ఇంచుమించు నలభై అయిదు డిగ్రీల కోణంలో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మళ్ళుకుంటూ ఎదురుగాలిలో ఉన్న గురుతును చేరుకోవచ్చు.

తీగలు లేవు గనక కొయ్య వంగుతుంది. చాలా పడవల్లో ఇది లోపం. కర్బీ, ఫోగ్ దీన్ని పడవ గేరు పెట్టెగా మలిచారు. బూమ్‌ను కిందికి లాగే వ్యాంగ్ అనే తాడు బిగిస్తే బూమ్ ముందుకు ఒత్తి కొయ్య వంగుతుంది, కొయ్య వంగితే చాప పొట్ట తగ్గి చదునవుతుంది, చాప చదునైతే గాలి పట్టు తగ్గుతుంది. కనింగ్‌హామ్ అనే తాడు చాప ముందు అంచును కిందికి లాగి పొట్టను ముందుకు జరుపుతుంది. అవుట్‌హాల్ కింది అంచును బిగువు చేస్తుంది. చాపను లోపలికీ బయటికీ ఆడించే ప్రధానమైన తాడు చేతిలోనే ఉంటుంది. గాలి హోరెత్తినప్పుడు పెద్ద పడవలు చాపను మడిచి చిన్నది చేసుకుంటాయి. లేజర్ పందేల్లో సాధారణంగా అలా చెయ్యరు. ఈ నాలుగు తాళ్ళతోనే, ఉన్న 7.06 చదరపు మీటర్ల చాపను పిల్లగాలికి ఒక రకంగా, పెనుగాలికి మరో రకంగా మలుచుకోవాలి. తాళ్ళు తక్కువ కావడంతో మొదటి రోజే అందరికీ అర్థమవుతాయి. ఒక్కో తాడు ప్రభావం మిగతా వాటితో ముడిపడి ఉండటంతో వాటి పొత్తు కుదరడానికి ఏళ్ళు పడుతుంది.

పడవలో అన్నిటికంటే బరువైన వస్తువు నడిపే మనిషి. పడవ 59 కిలోలైతే దాన్ని పురుషుల పోటీలో నడిపేవాడు 80 కిలోల చుట్టుపక్కల ఉంటాడు. అందుకే అతను ముందుకు జరిగినా, వెనక్కి జరిగినా, ఒక అంగుళం బయటికి వాలినా పడవ తీరు మారిపోతుంది. గాలి పడవను ఒక పక్కకు ఒరగదోస్తుంటే, పాదాలను లోపలి పట్టీ కింద ఇరికించి, తొడలు అంచు మీద ఆన్చి, నడుము పైభాగమంతా నీళ్ళ మీదికి వాల్చి పడవను సమంగా నిలపాలి. దీన్నే హైకింగ్ అంటారు. ప్రతి అలకూ ఒళ్ళు ముందుకూ వెనక్కీ ఊపి ముక్కును దాటించాలి. వాలుగాలిలో దీనికి ఇంకో విద్య ఉంది. కొయ్యను పట్టే తీగలు లేవు కాబట్టి బూమ్‌ను పడవకు లంబకోణం దాటించి ముందుకు కూడా వదలవచ్చు. గాలి చాప వెనక అంచు మీంచి దూరి ముందు అంచు మీంచి బయటికి పోయేలా తిప్పుతారు. పడవ ఆ క్షణంలో బోల్తా పడే అంచున ఉంటుంది, వేగమూ అక్కడే ఉంటుంది. డబ్బుతో కొనగల వేగం ఇందులో దాదాపు లేదు. వేగమంతా మనిషి ఒంట్లోనూ కంట్లోనూ ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ చివరి రేసులో బ్రిటన్ యువకుడు బెన్ ఐన్స్లీ అందరికంటే ముందు వెళ్ళాలని చూడలేదు. పాయింట్లలో తనకంటే ముందున్న షైట్ గాలికి అడ్డుపడి, అతన్ని పందెం వెనక వరుసలోకి నెట్టి స్వర్ణం ఎగరేసుకుపోయాడు. పడవలు సమానం కాకపోతే అలాంటి ఎత్తు సాగదు. వేగం ఎక్కువున్న పడవ పక్కనుంచి తప్పించుకుపోతుంది.

సమానత్వం దానంతటదే రాలేదు, నియమాలతో నిలబెట్టారు. ఈ తరగతి పడవలను ఆమోదం పొందిన తయారీదారులు మాత్రమే, ఒకే నిర్మాణ పద్ధతి ప్రకారం చెయ్యాలి. కొన్నవారు తమకు తోచిన మెరుగులు దిద్దడానికి వీల్లేదు. నియమావళి ఏది చెయ్యవచ్చని చెప్పిందో అది చెయ్యవచ్చు, చెప్పనిది చెయ్యకూడదు. ఒలింపిక్స్‌లో అయితే నిర్వాహకులే పడవలు సమకూర్చి క్రీడాకారులకు ఇస్తారు. దీనికి పూర్తి వ్యతిరేక దిశలో నడిచేది మాత్ అనే చిన్న పడవ. 1928లో ఆస్ట్రేలియాలోని ఇన్వర్లాక్‌లో మొదలైన ఆ తరగతిలో పొడవు, చాప విస్తీర్ణం లాంటి కొన్ని కొలతలకు లోబడితే చాలు, మిగతాదంతా ఎవరి ఇష్టం వారిది. ఆ స్వేచ్ఛ ఫలితంగానే మాత్‌లు నీటి కింది రెక్కల మీద పైకి లేచి పడవ అడుగు నీటిని తాకకుండా దూసుకుపోతున్నాయి. అది అద్భుతమైన ఇంజనీరింగ్. దాని మీద నాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. అయితే ఆ పందెంలో గెలిచింది పడవ గీసినవాడా, కార్బన్ కొనగలిగినవాడా, నడిపినవాడా అన్నది విడదీసి చెప్పడం కష్టం. పందెం అంటే చివరికి ఒక కొలత. తూకంరాయి బరువు కొట్టు కొట్టుకూ మారితే సరుకు సంగతి తేలదు. లేజర్ యాభై ఏళ్ళకు పైగా మారని తూకంరాయిగా పనిచేసింది. కాబట్టే 1996 నాటి షైట్‌నూ 2021 నాటి షైట్‌నూ మనం పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాం.

ఈ సమానత్వం పతకాల పట్టికలో కనబడాలి కదా అని అడిగేవారికి సాక్ష్యాలున్నాయి. సైప్రస్ అనే చిన్న ద్వీప దేశం చరిత్రలో మొట్టమొదటి ఒలింపిక్ పతకం 2012లో లేజర్ మీదే వచ్చింది. పావ్లోస్ కొంతిదిస్ రజతం గెలిచాడు. 2024లో అతనే మళ్ళీ రజతం తెచ్చాడు. సైప్రస్ ఇప్పటివరకు గెలిచిన ఒలింపిక్ పతకాలు ఈ రెండే. అదే 2024 పోటీలో కంచు గెలిచిన స్టెఫానో పెస్కియేరా 1992 తర్వాత పెరూకు తొలి ఒలింపిక్ పతకం అందించాడు. 2012లో అదే పడవ మీద చిన్న చాపతో నడిచే మహిళల పోటీ లేజర్ రేడియల్‌లో స్వర్ణం చైనా యువతి షు లిజియాది. మరోవైపు, 2012 నుంచి 2024 దాకా వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో పురుషుల స్వర్ణం ఆస్ట్రేలియా వాళ్ళదే. సంపన్న దేశం, గట్టి శిక్షణ వ్యవస్థ, ఏడాది పొడవునా గాలి. ఈ నిజాన్ని దాటవేయడం న్యాయం కాదు. పడవ సమానమైనంత మాత్రాన శిక్షకులూ విమాన టిక్కెట్లూ సాధనకు దొరికే రోజులూ సమానం కావు. అయితే ఖరీదైన పడవ అనే అడ్డంకిని ఈ పోటీలోంచి తీసేయడం వల్లే సైప్రస్, పెరూ లాంటి దేశాలు ఆ ఆస్ట్రేలియా పక్కన విజయ వేదిక మీద నిలబడగలిగాయి. పోటీలో ఒక అసమానతను పూర్తిగా తీసేసిన రూపకల్పనను, మిగిలిన అసమానతలన్నీ తీర్చలేదని తప్పుపట్టలేం.

అన్నిటికంటే బలమైన ఆక్షేపణ సాంకేతిక నిపుణుల నుంచి వచ్చింది. పడవ పాతబడింది, బరువెక్కువ, కొత్త పదార్థాలతో ఇంతకంటే మంచిది చెయ్యవచ్చు కదా అని. ఇది ఊరికే అన్న మాట కాదు. ఒలింపిక్స్‌కు ఏ పడవ ఉండాలో తేల్చడానికి 2019లో స్పెయిన్‌లోని వలెన్సియాలో నాలుగు పడవలను నీళ్ళలో పరీక్షించారు. అందులో ఆర్‌ఎస్ ఏరో అనే 2014 నాటి బ్రిటిష్ పడవ బరువు దాదాపు 30 కిలోలు, అంటే లేజర్‌లో సగం. పరిశీలకుల బృందం ఏరోనే సిఫార్సు చేసింది. అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ సెయిలింగ్ మాత్రం అదే ఏడాది మేలో లేజర్‌నే కొనసాగించాలని తేల్చింది. పడవను పడవగా చూస్తే పరిశీలకుల మాటే నిజం కావచ్చు. తేలికైన పడవ త్వరగా పరుగందుకుంటుంది, ఒడ్డున మోయడం సులువు. కానీ ఒక తరగతి అంటే ఒక్క పడవ గుణగణాలే కాదు. ఎన్నో దేశాల క్లబ్బుల్లో ఇప్పటికే ఉన్న పడవలు, చేతులు మారుతున్న పాతవి, విడి భాగాలు దొరికే దుకాణాలు, దాని మీద ఆరితేరిన శిక్షకులు, ఇవన్నీ కలిస్తేనే తరగతి. ఆ ఒక్క నిర్ణయం వేరుగా ఉంటే, డబ్బున్న దేశాలు మరుసటి నెలలోనే కొత్త పడవలు కొనేవి. మిగతా దేశాలు కొన్నేళ్ళపాటు ఒడ్డునే నిలబడేవి. పైగా లేజర్ అసలు మారలేదనడమూ సరికాదు. 2015లో చాప బట్టను దిట్టం చేసి కుట్టు తీరు మార్చారు, ఎందుకంటే పాత చాప కొద్ది రోజులకే సాగిపోయి, మళ్ళీ మళ్ళీ కొనగలిగినవారికి లాభం చేకూర్చేది. కొయ్య పై ముక్క అల్యూమినియం గనక శాశ్వతంగా వంగిపోతుండేది. దాని స్థానంలో కార్బన్ ముక్కను అనుమతిస్తూ, వంగే గుణం పాతదాన్నే పోలి ఉండేలా చూశారు. వేగం పెంచే మార్పును ఆపి, ఖర్చు తగ్గించే మార్పును రానివ్వడం ఎంతో వివేకం ఉన్న పద్ధతి.

రెండో ఆక్షేపణను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అందరూ ఒకే పడవ కొనాలంటే, దాన్ని తయారుచేసేవారి చేతికి గుత్తాధిపత్యం చిక్కుతుంది. క్రీడాకారుడి సమానత్వం వ్యాపారి లాభంగా మారే ప్రమాదం ఇందులోనే ఉంది. ఈ ప్రమాదం ఊహ కాదు. రూపకర్త హక్కుల మీద, ట్రేడ్‌మార్క్ మీద, కర్మాగారాల తనిఖీ మీద ఏళ్ళ తరబడి వివాదాలు నడిచాయి. 2019లో తరగతి సంఘం తన ప్రధాన తయారీదారుల్లో ఒకరితో తెగదెంపులు చేసుకుంది. ఆ పేరు వాడే హక్కు తన చేతిలో లేనందున పడవకే పేరు మార్చుకుని ఇల్కా అయింది. పాత పడవలూ పోటీలకు చెల్లుతాయని చెప్పి యజమానులను ఆదుకుంది. వరల్డ్ సెయిలింగ్ కూడా తయారీ హక్కులు న్యాయమైన షరతులతో మరికొందరికి ఇవ్వాలని పట్టుబట్టింది. ఇప్పుడు బ్రిటన్, ఆస్ట్రేలియా, జపాన్, థాయ్‌లాండ్, చైనా, అర్జెంటీనా వంటి దేశాల్లో ఈ పడవ తయారవుతోంది. ఒకే నమూనా ఉండటం, ఒకే అమ్మకందారు ఉండటం వేరువేరు సంగతులని ఈ గొడవ నేర్పింది. గుత్తాధిపత్యానికి మందు తయారీదారులను పెంచడం, నమూనాలను పెంచడం కాదు.

మూడోది శరీరాలకు సంబంధించినది. పడవ ఒకటే అయినా మనుషులు ఒకటి కాదు. 80 కిలోల మనిషికి అమరిన చాప 55 కిలోల అమ్మాయిని నీళ్ళలో పడేస్తుంది. దీనికి రూపకర్తలు కనిపెట్టిన పరిష్కారం పడవంత సరళమైనది. అదే పడవ, అదే చుక్కాని, అదే పలక. కొయ్య కింది ముక్కను మార్చి చిన్న చాప తొడిగితే చాలు. పెద్దది ఇల్కా 7, మధ్యది ఇల్కా 6 (పాత పేరు లేజర్ రేడియల్), చిన్నది 4.7 చదరపు మీటర్ల చాపతో ఇల్కా 4. పదమూడేళ్ళ పిల్లవాడికి కొన్న పడవ పాతికేళ్ళు వచ్చేదాకా పనికొస్తుంది. 2008 నుంచి మహిళల ఒలింపిక్ పోటీ ఈ మధ్యరకం చాపతోనే జరుగుతోంది. అయినా సమస్య పూర్తిగా పోలేదు. పురుషుల పోటీలో పొడగరులకు, బరువున్నవారికి గట్టి గాలిలో మొగ్గు ఉంటుంది. గంటల తరబడి నీటి మీదికి వాలడం మోకాళ్ళకూ నడుముకూ భారమే. ఇవి ఈ పడవకున్న నిజమైన హద్దులు. అయితే మనుషులను వారి కొలతను బట్టి మూడు తరగతులుగా విడదీసి, పడవ మాత్రం ఒక్కటే ఉంచడం వల్ల క్లబ్బులకు కలిగిన ఆదా చిన్నది కాదు.

నాలుగో ఆక్షేపణ మన గడప దగ్గరిది. భారతదేశంలో సెయిలింగ్ ఇంకా సైన్యం, నౌకాదళం, క్లబ్బుల చుట్టూనే తిరుగుతోందనీ, పడవల సమానత్వం గురించి ఇక్కడ మాట్లాడటం ఇంకా తొందరేననీ అనేవారున్నారు. కానీ మనవాళ్ళు ఒలింపిక్ అర్హత దాకా వెళ్ళిన దారి చూడండి. చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ ఒలింపిక్ సెయిలింగ్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళ అయింది లేజర్ రేడియల్ మీదే. సైనికుడు విష్ణు శరవణన్ టోక్యోలో 20వ స్థానంలో, పారిస్ ఒలింపిక్స్‌లో 43 మందిలో 18వ స్థానంలో నిలిచాడు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కంచు తెచ్చాడు. ఆ క్రీడల్లోనే ఇల్కా 4 మీద బాలికల రజతం గెలిచిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లోని రైతు కుటుంబంలో పుట్టింది. భోపాల్ చెరువు మీద, జాతీయ సెయిలింగ్ పాఠశాలలో నేర్చుకుంది. సముద్రమే లేని రాష్ట్రం నుంచి ఆసియా పతకం వచ్చిందంటే, కావలసింది తీరం పొడవు కాదు, ఒడ్డున కొన్ని పడవలు, వాటిని నేర్పే మనిషి.

తెలుగువాళ్ళకు ఆ రెండూ ఉన్నాయి. హుస్సేన్‌సాగర్ మీద లేజర్ తరగతి పోటీలతో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ ఏళ్ళుగా జరుగుతోంది. నగరంలోని యాట్ క్లబ్ పేదింటి పిల్లలను చిన్న ఆప్టిమిస్ట్ పడవల్లో ఎక్కించి పోటీల దాకా తెస్తోంది. ఆంధ్ర తీరం ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు. ఆ తీరంలో గాలి ఎటు తిరుగుతుందో బడికి వెళ్ళకముందే తెలుసుకునే పిల్లలు మత్స్యకార పల్లెల నిండా ఉన్నారు. పడవ తరతరాలకు మారకపోవడం వల్ల కలిగే మేలు సరిగ్గా ఇక్కడే పనికొస్తుంది. విదేశీ క్లబ్బులు పక్కన పెట్టిన పాత పడవలు ఒలింపిక్ స్థాయికి చాలనంతగా మెత్తబడి ఉండవచ్చు గానీ, నేర్చుకునే పిల్లలకు వాటి మీద పట్టుబడిన ప్రతి విద్యా రేపు కొత్త పడవ మీద అలాగే చెల్లుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థలు ఖరీదైన కొత్త క్రీడా ప్రాంగణాల కోసం ఎదురుచూడకుండా, భీమునిపట్నంలోనో మచిలీపట్నంలోనో కృష్ణపట్నంలోనో తలా పదేసి ఇల్కా 4 చాపలతో పాత పడవలు, ఒక్కో శిక్షకుడు, ఒక్కో రక్షణ బోటు పెట్టి మొదలుపెట్టాలి. మొదటి జట్టును మత్స్యకార పల్లెల బడుల నుంచే ఎంచుకోవాలి.